బెజవాడ అనొచ్చా?

సందేహం: సత్యనారాయణపురంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. మొన్న వెళ్తే మా రైలు పట్టాల జాడే లేదు, బీఆర్టీఎస్ రోడ్డు ఉంది. ‘మేం ఊరు మారాం, ఊరూ మారింది. నా బెజవాడ ఇప్పుడు లేదు’ అని మిత్రులకు రాశాను. ‘బెజవాడ తెల్లవాళ్లు పాడుచేసిన పేరు, విజయవాడ అనే రాయాలి’ అంటాడు మా అబ్బాయి. నిజమేనా? – ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీ వాక్యం సంగతి. భేషుగ్గా ఉంది, ముట్టుకోకండి. ‘ఊరూ’లో దీర్ఘం జారిపోకుండా చూసుకోండి చాలు.

ఇక మీవాణ్ణి ఇంద్రకీలాద్రి దగ్గర మల్లేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లండి. అక్కడి రాతిస్తంభం మీద చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం ఉంది. పదో శతాబ్దం నాటిది, నన్నయ కంటే ముందుది. బెజవాడలో కొమరుసామికి గుడి ఎత్తించిన ముచ్చట మధ్యాక్కర అనే తెలుగు ఛందస్సులో పద్యాలుగా చెక్కారు. అప్పటికి ఈస్టిండియా కంపెనీ పుట్టడానికి ఇంకా ఆరు వందల ఏళ్ల పైమాటే. కుమారస్వామిని ‘కొమరుసామి’ అన్న ఆ పద్యాలను పరిష్కరించి ప్రకటించింది ఎవరనుకున్నారు? వాడుక మాట రాతలో పనికిరాదన్న గ్రాంథికవాదుల్లో అగ్రేసరులు జయంతి రామయ్య పంతులుగారు!

తెల్లవాళ్లు చేసిందల్లా ఇంగ్లీషు స్పెల్లింగులో జెడ్ పెట్టడం. అదీ ఊరికే పెట్టలేదు. జడ, జల్లెడ, జొన్న అన్నప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుందే, బెజవాడలో ఉన్నది ఆ దంత్య జకారమే. ‘విజయ’ సంస్కృతం కాబట్టి అక్కడ జకారం తాలవ్యం, అంటే నాలుక అంగిలికి తగిలి పలికేది. వ్యాకరణకర్త చిన్నయసూరి సూత్రం చేసి మరీ చెప్పిన తేడా ఇది. దొర చెవికి ఉన్నపాటి పట్టింపు ఇవాళ్టి టీవీ యాంకర్ల నోటికి లేదు. చలి ‘చ్యలి’ అయింది, జామ ‘జ్యామ’ అయి కూర్చుంది. రైల్వేవాళ్లు నయం, స్టేషన్ కోడ్‌ను నేటికీ బీజెడ్ఏగానే ఉంచారు. టికెట్ తీసి మీవాడికి చూపించండి.

కొండకు బెజ్జం పడి ‘బెజ్జంవాడ’ అయిందనే కథ వినడానికి బాగుంటుంది, అంతే. విజయుడి, అంటే అర్జునుడి పేరిట విజయవాడ ఏర్పడి, అదే జనం నోట నలిగి బెజవాడ అయిందా, లేక బెజవాడకే పండితులు పట్టుబట్ట కట్టారా? ఈ విషయంలో నేను పందెం కాయను.

ఆధార్‌లోనూ అర్జీలోనూ విజయవాడే రాయండి. జ్ఞాపకాల్లో బెజవాడ అంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే పాతదంతా బెజవాడ, కొత్తదంతా విజయవాడ అని మీరు పంపకాలు పెట్టడం మాత్రం నాకు అంతగా మింగుడుపడలేదు. చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘బెజవాడ వెళ్లొస్తా’ననే బస్సెక్కుతున్నారు.