ఏం తిన్నా దద్దుర్లే అంటే, ఎన్ని గంటలకు వచ్చాయో చూడండి

రక్తపరీక్షలో నలభై పదార్థాలు పడవని వచ్చింది, అన్నీ మానేయాలా అని ఒకరు అడిగారు. వద్దండీ. ముందు ఆ రిపోర్టులో ఐజీజీ (IgG) అని ఉందా, ఐజీఈ (IgE) అని ఉందా చూడండి. రెండూ ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలే, కానీ అలెర్జీతో సంబంధం ఉన్నది ఐజీఈకి. ఐజీజీ అయితే దాన్ని పక్కన పడేయొచ్చు. తినే పదార్థాలకు ఒంట్లో ఐజీజీ తయారవడం మామూలే. అలెర్జీ నిపుణుల సంఘాలే ఆ పరీక్ష వద్దంటున్నాయి.

నేనూ అలాంటి కాగితం పట్టుకుని గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, టమాటా మానేసినదాన్నే. ఐదు నెలలు! ఆరు కిలోలు తగ్గాను, దద్దుర్లు మాత్రం తగ్గలేదు.

తర్వాత వెళ్లిన అలెర్జీ డాక్టరు మొదట అడిగింది, తిన్న ఎంతసేపటికి వచ్చాయని. నాకు తెలీదు. ఏం తిన్నానో తప్ప ఎప్పుడు తిన్నానో గుర్తుపెట్టుకోలేదు. తిండి అలెర్జీ చాలావరకు నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుందట. నేనేమో పొద్దున లేవగానే కనబడే దద్దుర్లకు రాత్రి భోజనాన్ని తిట్టుకుంటున్నాను.

బాల్‌పెన్‌తో ఒక దద్దురు చుట్టూ గీత గీయమన్నారు. మర్నాటికి గీత ఉంది, లోపల దద్దురు లేదు. నడుం దగ్గర, ఎలాస్టిక్ ఒరుసుకునే చోట కొత్తవి లేచాయి. ఇలా 24 గంటల్లోపు మచ్చ లేకుండా మాయమవుతూ, ఆరు వారాలు దాటినా వస్తూనే ఉంటే అది దీర్ఘకాలిక అర్టికేరియా. దానికి తిండి కారణం కావడం అరుదు. అదే చోట రోజు దాటి ఉండి, కమిలిన మచ్చ మిగిలితే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.

అయితే నా కథలో తిండి పాత్ర అసలు లేదని కాదు. టైముతో సహా నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాక రెండుసార్లు పెదవులు ఉబ్బాయి. రెండుసార్లూ అరగంట ముందు రొయ్యలు తిన్నాను. మరి మిగతాసార్లు అవే రొయ్యలు తింటే ఏమీ కాలేదే? విసుక్కుంటూ గీసిన మందుల గడిలో దొరికింది జవాబు: ఆ రెండు రోజులూ నెలసరి నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకున్నాను. నొప్పి మాత్రలు, వ్యాయామం, మద్యం తోడైతే మామూలుగా ఊరుకునే అలెర్జీ కూడా పైకి లేస్తుందట.

చర్మంపై చేసే ప్రిక్ టెస్టుకు వారం ముందు, దద్దుర్లకు వేసుకునే సెట్రిజిన్ మాత్ర ఆపమన్నారు. ఆ వారం రాత్రుళ్లు నిద్ర లేదు. ముంజేతి మీద చుక్కలు వేసి, సూదిమొనతో గుచ్చి, పావుగంట ఆగి చూశారు. రొయ్యల దగ్గర దోమ కుట్టినట్టు ఉబ్బింది. వేరుశనగ దగ్గరా కాస్త లేచింది, కానీ గుప్పెడు తిన్నా నాకేం కాదు. టెస్టులో ఉబ్బినంత మాత్రాన పడదని కాదు, తిన్నప్పుడు ఏమవుతుందో అదీ కలిపి చూడాలి.

ఇప్పుడు రొయ్యలు పూర్తిగా బంద్. మామూలు దద్దుర్లకు డాక్టరు చెప్పినట్టు రోజూ ఒక మాత్ర, దురద పెడితే తడిగుడ్డ. "ఒక్క ముక్కకేం కాదులే" అనేవాళ్లతో వాదించడం మానేశాను, కంచం పక్కకి జరుపుతాను. గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా సెట్రిజిన్ వేసుకుని చూద్దాం అనుకోకండి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇంకోటి, దద్దుర్లు లేచినప్పుడే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరు గది ముందు కూర్చునేసరికి ఒళ్లంతా నున్నగా అయిపోతుంది, ఏం చూపించాలో తెలీదు.