లోతు తగ్గింది సరే, మంచు తగ్గిందా?

ఏప్రిల్ వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) తీసుకుని కొండెక్కడానికి ఇంకా వీలుందా? నా ఉద్యోగమే రాకీ పర్వతాల్లో మంచు కొలవడం. కొలిచే చోటికి వెళ్లేదీ స్నోమొబైల్ మీదే. అందుకే ఈసారి ఆ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టుకుని జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేం వెళ్లే దారికి దగ్గర్లోని స్నోటెల్ స్టేషన్‌లో (మంచును తనంతట తానే కొలిచే కేంద్రం) పది రోజుల కిందట మంచు లోతు 92 అంగుళాలు ఉంది. ఇప్పుడు 74 చూపిస్తోంది. ఇంత వేగంగా కరిగిపోతుంటే సీజన్ ముగిసినట్టేనా? పట్టిక జతచేస్తున్నాను.
— ఒక పాఠకుడు, బోజ్‌మన్, మోంటానా

తొందరపడి బండికి గుడ్డ కప్పేయకండి. మీరు పంపిన పట్టికలో లోతు పక్కనే ఇంకో వరుస ఉంది. అది మంచులో ఉన్న నీటి లెక్క. పది రోజుల కిందట 33.1 అంగుళాలు ఉన్నది ఇప్పుడు 33.4 అయింది. లోతు అడుగున్నర పడిపోయినా నీరు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. అంటే మీ కొండ మీది మంచు కరిగి వాగులోకి పోలేదు, ఉన్నచోటే అణిగింది.

స్నోటెల్ స్టేషన్ ఈ రెంటినీ వేర్వేరుగా కొలుస్తుంది. నేల మీద గడ్డకట్టని ద్రవం నింపిన వెడల్పాటి సంచి పరిచి ఉంటుంది. దాని మీద పడిన మంచు ఎంత నొక్కుతోందో చూసి, అదంతా కరిగితే ఎన్ని అంగుళాల నీరు నిలుస్తుందో చెబుతుంది. లోతు సంగతి చూసేది పైన స్తంభానికి తగిలించిన మరో పరికరం. అది కిందికి శబ్ద తరంగం పంపి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మంచు పైపొర ఎక్కడుందో లెక్కగడుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ కింద ఉన్న సహజ వనరుల పరిరక్షణ విభాగం పశ్చిమ రాష్ట్రాల్లోనూ అలాస్కాలోనూ ఇలాంటివి 900కు పైగా నడుపుతోంది. గంట గంటకూ అంకెలు వస్తాయి, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ అంకెలకే వద్దాం. 33.1ని 92తో భాగిస్తే సాంద్రత 36 శాతం వస్తుంది. 33.4ని 74తో భాగిస్తే 45 శాతం. కొత్తగా పడిన పొడి మంచు పది శాతం చుట్టుపక్కల ఉంటుంది. నలభై దాటిందంటే గింజలు గుండ్రంగా మారి, దగ్గరగా సర్దుకుని, బరువు మోసే మంచు అయిందని అర్థం. బండి కూరుకుపోయే జనవరి పొడి మంచు కంటే, తెల్లవారుజామున గట్టిపడి ఉన్న ఈ 74 అంగుళాలు మీకు ఎన్నో రెట్లు మేలు.

సీజన్ ముగింపు తెలియాలంటే స్టేషన్ గ్రాఫులో నీటి గీత ఎప్పుడు వంగుతుందో చూడండి. శీతాకాలమంతా మెట్లు మెట్లుగా పైకి వెళ్లిన గీత ఒకనాడు ఆగి కిందికి దిగడం మొదలెడుతుంది. ఎత్తు తక్కువ ఉన్న చోట్ల ఇది సుమారు ఏప్రిల్ ఒకటి ప్రాంతంలో జరుగుతుంది. కుక్ సిటీ పైన 9,100 అడుగుల ఎత్తులో ఉన్న ఫిషర్ క్రీక్ లాంటి స్టేషన్లలో ఇంకా చాలా ఆలస్యంగా జరుగుతుంది. ఒకసారి దిగడం మొదలై ఎండలు ముదిరితే రోజుకు ఒకటి నుంచి రెండు అంగుళాల నీరు పోతుంది. మీ 33 అంగుళాలకు ఈ లెక్క వేసుకోండి, కరగడం మొదలయ్యాక కూడా మూడు నాలుగు వారాల మంచు ఉంది.

ఇలా మంచును నీటితో కొలవాలన్న ఆలోచనను నిలబెట్టిన మనిషి ఇంజినీరు కాదు. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పిన ఆచార్యుడు జేమ్స్ చర్చ్. 1900ల తొలి దశాబ్దంలో మౌంట్ రోజ్ మీదికి ఎక్కి, పొడవాటి గొట్టాన్ని మంచులోకి దింపి, లోపల చిక్కిన మంచును తూకం వేశాడు. తాహో సరస్సు వసంతంలో ఎంత పెరుగుతుందో ముందే చెప్పగలిగింది ఆ తూకంతోనే. ఇప్పటికీ మేం గొట్టం, తూకం పట్టుకునే వెళుతున్నాం. ఆ పని చేసే ప్రతిసారీ ఆయన మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఆ తేదీకి ఉండాల్సిన మంచులో 210 శాతం ఉందని మ్యాపు చూపించింది. సంబరంగా ట్రెయిలర్ కట్టుకుని వెళితే బండి దించే చోట అంతా బురదే. ఎదురుగా ఉన్న వాలు సగం బోడిగా ఉంది. అంకె తప్పా?
— ఒక పాఠకుడు, బోయిసీ, ఐడహో

అంకె తప్పు కాదు. మే నెలలో నమ్మదగిన అంకె మాత్రం కాదు. 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్ల మధ్యస్థ విలువతో ఈనాటి నీటిని పోల్చి ఆ శాతం ఇస్తారు. ఏప్రిల్ దాటాక ఆ మధ్యస్థ విలువే సున్నా వైపు జారుతుంది. మామూలుగా అర అంగుళం మిగలాల్సిన రోజున రెండు అంగుళాలు మిగిలితే అది 400 శాతం అవుతుంది. మ్యాపులో రంగు ముదురుగా కనిపిస్తుంది, నేల మీద మీ బండి ముందరి జారుడు పలకలు, అంటే స్కీలు, రాళ్లకు గీసుకుంటాయి. సీజన్ చివర శాతాలను పక్కన పెట్టి అంగుళాలు చూడండి.

రెండో సంగతి, స్నోటెల్ ఎక్కడ ఉంటుందో గుర్తుంచుకోవాలి. గాలి మంచును ఎగరగొట్టకుండా చెట్ల మధ్య చిన్న మైదానంలో, చదునైన నేలలో పెడతారు. అది చెప్పేది ఆ మైదానం కథ. అదే ఎత్తులో దక్షిణం వైపు తిరిగిన వాలు రోజంతా ఎండను ఎదురుగా తీసుకుని బోడి అయిపోతుంది, వీపు తిప్పుకున్న ఉత్తరపు వాలు మీద ఐదడుగులు నిలిచే ఉంటుంది. దానికి తోడు దుమ్ము. కొలొరాడోలోని శాన్ వాన్ పర్వతాల మీదికి ఎడారి నేలల నుంచి వసంత గాలులు ఎర్రటి దుమ్ము మోసుకొస్తాయి. తాజా మంచు పడిన వెలుతురులో ఎనభై తొంభై శాతం తిప్పికొడుతుంది. దుమ్ము పైకి తేలిన మంచు వెలుతురును తాగేస్తుంది, అలాంటి ఏళ్లలో మంచు వారాల ముందే పోతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. ఒక్క స్టేషన్‌తో సరిపెట్టుకోను. దారి మొదలయ్యే ఎత్తుకు దగ్గర్లో ఒకటి, మేం తిరగబోయే ఎత్తుకు దగ్గర్లో ఒకటి తీసుకుంటాను. కింది స్టేషన్ బండి దించడానికి వీలుందో లేదో చెబుతుంది, పైది అసలు మంచు సంగతి చెబుతుంది. ఆ తరువాత సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం తెరుస్తాను. ఐదు రోజులకోసారి వస్తుంది, మబ్బు లేకపోతే పది మీటర్ల వివరం కనిపిస్తుంది. దారి పొడవునా మంచు ఎక్కడ తెగిపోయిందో అందులో దొరుకుతుంది. లోతు గీత ఒక్క గంటలో ఇరవై అంగుళాలు పైకి లేచి మళ్లీ పడిందనుకోండి, అది మంచు కాదు, పరికరం తడబాటు. నీటి గీత కదలలేదంటే దాన్ని వదిలేయండి.

ప్రశ్న: నా భర్త, ఆయన స్నేహితులు ఈమధ్య మధ్యాహ్నం పన్నెండు దాటాకే బయలుదేరుతున్నారు. ఉదయం మంచు రాయిలా ఉంటుంది, నడుము విరిగేలా కుదుపులు, మెత్తబడ్డాక వెళితే హాయి అంటారు. మంచు ఆరడుగులు ఉంది కాబట్టి భయం లేదంటారు. నాకు మనసు ఒప్పడం లేదు. నా భయం అర్థం లేనిదా?
— ఒక పాఠకురాలు, సాల్ట్ లేక్ సిటీ, యూటా

కాదమ్మా, మీ భయానికి గట్టి కారణమే ఉంది. ఈ జవాబును వాళ్లందరి చేతా చదివించండి.

ఆరడుగుల లోతు ఉంటే బండి నేలకు తగలదు. అంతకు మించి ఆ అంకె ఏ హామీ ఇవ్వదు. వసంతంలో మంచు పైనుంచి కింది దాకా 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే, అంటే సున్నా సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఇంకొంచెం వేడి తగిలితే గింజల మధ్య పట్టు కరిగి నీరవుతుంది. ఆ పట్టును రోజూ మళ్లీ కట్టేది రాత్రి చలి ఒక్కటే. అందుకే మధ్యాహ్నం ఏమవుతుందో తెలియాలంటే ముందు గడిచిన రాత్రిని చూడాలి. స్నోటెల్‌లో గంటవారీ ఉష్ణోగ్రత తీసి, ఎన్ని గంటల పాటు 32 కిందికి దిగిందో లెక్కపెట్టమనండి. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసుకుని, గాలి 34 దగ్గరున్నా పైపొర గట్టిపడుతుంది. మబ్బు కమ్మితే ఆ వేడి కిందికే తిరిగొస్తుంది, మంచు తడిగానే తెల్లవారుతుంది. వరసగా రెండు మూడు రాత్రులు గడ్డకట్టలేదంటే నిటారు వాలుల జోలికి వెళ్లవద్దు, వాటి కింద నిలబడవద్దు. అప్పుడు ఎంత పొద్దున బయలుదేరినా లాభం లేదు.

అక్కడికి చేరాక అంకెలను నమ్మి ఊరుకోకూడదు. ఉదయం బండి దించిన చోటే నేను పార అంచుతో మంచు పైపొరను ఒక మూర మేర పగలగొడతాను. నాలుగైదు అంగుళాల మందాన పెళుసుగా, ఖణేల్‌మని మోగుతూ విరిగితే రాత్రి తన పని చేసినట్టు. అంగుళం మందపు పెచ్చు ఊడి, కింద తడి రాళ్ల ఉప్పులా గింజలు చేతికి అంటకుండా జారిపోతే, ఎండ ఎక్కిన గంటలోపే అది కూలుతుంది. పది గంటలకు ఇదే పరీక్ష మళ్లీ చేస్తాను, ఈసారి బండి దిగి బూటుతో. చీలమండ దాటి కాలు దిగిందంటే ఆ వాలు మీద మా పని ముగిసింది.

ఎండ కూడా వరస తప్పకుండా వస్తుంది: ముందు తూర్పు వాలులు, తరువాత దక్షిణం, మధ్యాహ్నం దాటాక పడమర. రాళ్ల కింద నుంచి మంచు ఉండలు వాటంతటవే దొర్లి, వెనక గీతలు వదులుతుంటే ఆ వాలు మేలుకుంటోందని గుర్తు. ఆ ఉండలు పెద్దవై, చక్రాల్లా చుట్టుకుంటూ వస్తే అరగంట కూడా ఆగవద్దు. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే మంచుచరియలు ఎక్కువగా విరిగిపడతాయి, స్నోమొబైల్ వాళ్లకు నచ్చే వాలులూ అవే. తడి చరియ మెల్లగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది, చేత్తో తవ్వలేరు.

ఇంకో మాట. ఏప్రిల్ మధ్య నుంచి చాలా మంచుచరియల హెచ్చరిక కేంద్రాలు రోజువారీ అంచనాలు ఆపేస్తాయి. అంచనా రాలేదంటే ప్రమాదం లేదని కొందరు అనుకుంటారు. సిబ్బంది పని కాలం ముగిసిందనే దానికి అర్థం, వాలులు సురక్షితమని కాదు.

మీ వారు తెల్లవారగానే బయలుదేరాలి. ఒంటి గంటకల్లా బండ్లు ట్రెయిలర్ ఎక్కేయాలి. ఆలస్యంగా తిరిగొచ్చేవాళ్లకు అసలు గండం చాలాసార్లు వాగుల దగ్గర ఉంటుంది. ఉదయం బండి మోసిన మంచు వంతెన కింద నీరు రోజంతా కోస్తూ ఉంటుంది, సాయంత్రానికి పైన పలకే మిగులుతుంది. ప్రతి మనిషి ఒంటి మీద సంకేతాలు పంపే బీకన్ ఉండాలి, వీపు సంచిలో పార, మంచులో గుచ్చి మనిషిని వెతికే పొడుగాటి ప్రోబ్ కర్ర ఉండాలి. ఇవి బండి పెట్టెలో పెడితే బండితో పాటే పోతాయి. వాలు మీదికి ఒకసారి ఒక్కరే వెళ్లాలి. మిగతావాళ్లు పక్కన, చరియ దారికి దూరంగా, బండ్లు బయటికి తిప్పి నిలబెట్టి, కళ్లు ఆ ఒక్కరి మీదే ఉంచాలి. మంచు కింద చిక్కిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే ప్రాణం. అంతలో సహాయ బృందం రాలేదు, తవ్వాల్సింది పక్కనున్న స్నేహితులే.

నడుము నొప్పి మాట నిజమే. అందుకు మొదట దారిని మెల్లగా దాటండి, సస్పెన్షన్ మెత్తగా చేసుకోండి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా పైపొర రెండంగుళాలు వదులై, కింద గట్టిగా ఉండే వేళ ఒకటి వస్తుంది. వాళ్లు వెతుకుతున్న హాయి అప్పుడే దొరుకుతుంది.

ప్రశ్న: గట్టి దారి మీద నాలుగు మైళ్లు పోగానే ఇంజిన్ వేడి హెచ్చరిక వెలుగుతోంది. పైన మెత్తటి మంచులో ఏ ఇబ్బందీ లేదు. బండి చెడిందా?
— ఒక పాఠకుడు, ఐడహో ఫాల్స్

బండి బాగానే ఉండి ఉంటుంది. ముందు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మాత్రం చూసుకోండి. ఈ బండ్లలో కూలెంట్ సీటు కింది సొరంగంలోని గొట్టాల గుండా తిరుగుతుంది. బండి కింద తిరిగే రబ్బరు బెల్టు, అంటే ట్రాక్, ఎగజిమ్మిన మంచు తగిలితేనే అది చల్లబడుతుంది. రాయిలాంటి దారి మీద ట్రాక్ ఏమీ ఎగజిమ్మదు. పట్టాల కింది ప్లాస్టిక్ స్లైడ్లకూ తడి ఆ మంచు నుంచే అందాలి, లేకపోతే అరిగి కరిగి అంటుకుపోతాయి. ఐస్ స్క్రాచర్లు (దారిని గీరే కడ్డీలు) బిగించుకుని, దారిలో దింపి నడపండి. అవి గీరిన మంచు పొడి ట్రాక్‌కు అందుతుంది. వెనక్కి నడిపే ముందు పైకి లేపండి, చాలా రకాలు విరిగిపోతాయి. అప్పుడప్పుడు దారి అంచున చెట్ల నీడలో మిగిలిన మెత్తటి మంచులోకి బండిని దించి కాసేపు నడపండి, వేడి చూపే ముల్లు ఎలా పడిపోతుందో చూస్తారు.

ప్రశ్న: దారి మధ్యలో నేల బయటపడితే దాటేయవచ్చా? ఎక్కడెక్కడ తిరగవచ్చో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకుడు, బిల్లింగ్స్, మోంటానా

రోడ్డు మీద రెండు గజాల మేర మట్టి తేలితే నెమ్మదిగా దాటవచ్చు. పచ్చిక మైదానం మీద మాత్రం వద్దు. నీరు తాగిన నేలలో ట్రాక్ పళ్లు దిగితే ఆ చాళ్లు ఏళ్ల తరబడి మానవు. మంచు పలచబడిన చోట చిన్న చెట్ల తలలు పైకి వస్తాయి, వాటినీ తెంచేస్తారు. అటవీ శాఖ చాలా అడవులకు మంచు వాహనాల మ్యాపు ఉచితంగా ఇస్తుంది. కాలిఫోర్నియాలోని కొన్ని జాతీయ అడవుల్లో దారి వదిలి తిరగాలంటే కనీసం 12 అంగుళాల మంచు ఉండాలనే నియమం ఉంది. మీ దగ్గర నియమం లేకపోయినా ఆ కొలతనే పాటించమని నా కోరిక.

1964 నాటి చట్టం కింద వన్యప్రాంతంగా ప్రకటించిన చోట మోటారు బండి నిషేధం, మంచు ఎంతున్నా సరే. కుక్ సిటీకి వెళితే అబ్సరోకా-బేర్‌టూత్ వన్యప్రాంతం హద్దు పక్కనే ఉంటుంది. ఏప్రిల్‌లో హద్దు పలకలు ఇంకా మంచు కిందే ఉండవచ్చు. సిగ్నలు అందని చోట కూడా కనిపించేలా మ్యాపును ఇంటి దగ్గరే ఫోనులోకి దించుకుని బయలుదేరండి.