లాల్‌బాగ్‌కు ఏ నెలలో వెళ్లాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మకు పూలంటే ప్రాణం. ఒక్కసారైనా బెంగళూరు లాల్‌బాగ్ చూపించాలని నా కోరిక. పంద్రాగస్టు పూల ప్రదర్శనకు తీసుకువెళ్లమని అందరూ చెబుతున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. అప్పుడే వెళ్లాలా, వేరే నెల ఏదైనా నయమా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, ఆ అందరి మాటా కాస్త పక్కన పెట్టండి. ప్రదర్శన ఏటా రెండుసార్లు, గణతంత్ర దినోత్సవానికీ స్వాతంత్ర్య దినోత్సవానికీ జరుగుతుంది. 1889లో పునాది వేసిన గాజు మందిరం నిండా కుండీలు, పూలతో అల్లిన బొమ్మలు. బాగుండదని అనను. కానీ ఆ తోపులాటలో మీ అమ్మగారికి కనిపించేవి ముందువాళ్ల వీపులే. పైగా అవి ప్రదర్శన కోసం పెంచిన మొక్కలు. ఆ తోట సొంత పూలు తల ఎత్తితే కనిపిస్తాయి. వాటికోసం ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో వెళ్లండి.

1760లో హైదర్ అలీ వేయించిన రాచతోట అది. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి విత్తనాలూ మొక్కలూ తెప్పించి పెంచాడు. 1908లో వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగల్ బెంగళూరు వీధుల్లో చెట్లు నాటించడానికి ఒక లెక్క పెట్టుకున్నాడు: ఒక జాతి పూత ముగిసేసరికి మరో జాతి పూతకు రావాలి. నా దృష్టిలో ఆ ఊరికి ఆయన చేసిన అసలు మేలు ఇదే.

మీరు వెళ్లేసరికి పసుపు టబేబూయా ఒక్క ఆకు కూడా లేకుండా నిలువెల్లా పూసి ఉంటుంది. ఆకుల అడ్డు లేకపోతే తేనెటీగలకు పూలు దూరం నుంచే కనబడతాయి. గులాబి రంగు టబేబూయా, ఊదారంగు జకరండా కూడా కాస్త ముందువెనుకలుగా ఆ రోజుల్లోనే పూస్తాయి. బర్మా నుంచి వచ్చిన ఆమ్‌హెర్‌స్టియాను మాత్రం అక్కడి సిబ్బందిని అడిగి మరీ చూడండి. ఎర్రటి పూలు పొడవాటి కాడలకు తలకిందులుగా వేలాడతాయి, రేకుల కొసన పసుపు మచ్చ. మోదుగ, రేల, తురాయి కోసం అంత దూరం అక్కర్లేదు, అవి మన దగ్గరే పూస్తాయి.

నాగలింగం చెట్టును తెల్లవారగానే చూడాలి, పరిమళం అప్పుడే ఘాటుగా ఉంటుంది. పూలు కొమ్మ చివర కాదు, మొదలు మాను నుంచే పొడుచుకు వస్తాయి. మందపాటి ఆరు రేకులు, మధ్యలో కేసరాల వలయం, దాని మీదికి పడగలా వంగిన మరో కేసరాల గుత్తి. రాలిన పువ్వు దొరికితే అమ్మగారి అరచేతిలో పెట్టండి.

మార్చి చివర్లో మామిడి జల్లులు, అంటే వేసవి తొలి వానలు మొదలైతే ఒక్క రాత్రిలో పూత అంతా నేల పాలవుతుంది, కనుక ఆలస్యం వద్దు. బెంగళూరు పెద్ద బస్టాండ్ ఉన్న మెజెస్టిక్‌లో ఆకుపచ్చ మార్గం మెట్రో ఎక్కితే రైలు మారకుండా లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగవచ్చు. తోట ఉదయం ఆరింటికే తెరుస్తారు. 240 ఎకరాలు నడిపించకండి, లోపల బ్యాటరీ బండి ఉంటుంది. కెంపేగౌడ బురుజు ఉన్న బండ మాత్రం ఎక్కించవద్దు. అనంతపురం వాళ్లకు బండలు కొత్తా!

ప్రశ్న: లాల్‌బాగ్‌లో నాగలింగం చూసి ముచ్చట పడ్డాను. మా ఇంటి ముందు, కారు నిలిపే చోట నీడకు నాటవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: కారు మీద మీకు ఆశ లేకపోతే నాటండి. దాని కాయ ఫిరంగి గుండంత ఉంటుంది, పండితే చెప్పకుండా రాలుతుంది, పగిలిందంటే కంపు భరించలేం. చెట్టు కూడా మూడంతస్తుల మేడను మించి పెరుగుతుంది. అంతగా మనసుపడితే, నీటి వసతి ఉన్న గుడి తోటలో, జనం నడిచే దారికి దూరంగా వేయించండి. మీ కారు నీడకు కానుగ చాలు, కడప ఎండకు అది జంకదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని పూలు కారు మీద రాలినా తుడిస్తే పోతాయి.