జెయింట్ రోబో ఒక్క గొంతే వినేది

“చిన్నప్పుడు టీవీలో చూసిన రోబో సీరియళ్లు గుర్తున్నాయా? ఇప్పటి గాడ్జెట్లు ఆ సరదాకి సాటి వస్తాయా?” అని అడిగారు. గుర్తులేకపోవడమేంటండీ! ఇక సాటి సంగతంటారా, ఇప్పటివే మెరుగు. ఒక్క విషయంలో తప్ప. ఆ ఒక్కటీ చెప్పుకోడానికే ఇంత రాస్తున్నాను.

నా ఈడు వాళ్లకి రోబో అంటే జానీ సోకో అనే పిల్లాడి రోబోనే, జెయింట్ రోబో. ఎనభైల్లో దూరదర్శన్‌లో వచ్చేది. నా తర్వాత పుట్టినవాళ్లు ‘స్మాల్ వండర్’లో విక్కీ పేరు చెప్తారు. వీపులో మీటలు పెట్టుకుని, అల్మరాలో నిలబడి ఉండే ఆడపిల్ల రోబో. బాగానే ఉండేది గానీ, ఆకాశంలో ఎగరని రోబో నాకెందుకండీ? మా రోబోకి వీపు మీద రాకెట్లు, వేళ్లలో మిసైళ్లు, తలకి ఈజిప్టు రాజుల కిరీటం లాంటిదొకటి. జపాన్‌లో తోయే కంపెనీ 1967లో మొదలుపెట్టి 26 భాగాలు తీసింది. మనకి ఇంగ్లీషు మాటలతో వచ్చింది. మా పిల్లల్లో ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడూ లేడు, కథ అర్థం కానివాడూ లేడు.

మేం చూసింది పక్కింటి మాస్టారి బ్లాక్ అండ్ వైట్ ఈసీ టీవీలో, హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లు చేసినది. ఆ రోజుల్లో తెర ముందు ఒక రంగుల ప్లాస్టిక్ షీటు తగిలించేవాళ్లు, పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ. దాంతో రోబో తల ఎప్పుడూ నీలం, కాళ్లు ఎప్పుడూ పచ్చ. ఎగిరితే నిలువెల్లా నీలంగా మారేది. కిందపడితే పచ్చబడేది, దెబ్బ గట్టిగా తగిలిందని మేం నోళ్లు వెళ్లబెట్టేవాళ్లం. అసలు అది రంగుల్లోనే తీశారని నాకు పెళ్లయ్యాక తెలిసింది.

కథలో కీలకం రోబో కాదు, వాచీ. గార్గాయిల్ ముఠా ఒక సైంటిస్టుని బంధించి ఆ రోబోని చేయిస్తుంది. చేతి గడియారంలో మాట్లాడితే అది వింటుంది. అయితే ఎవరు మొదట మాట్లాడితే ఇక జన్మంతా ఆ గొంతే వింటుంది. అనుకోకుండా ఆ మొదటి గొంతు జానీ అనే పిల్లాడిది అవుతుంది. అంతే, ముఠా ఎంత గింజుకున్నా రోబో వాడిదే.

ఈ రూలు మా బుర్రల్లో ఎంత పాతుకుపోయిందంటే, మా స్కూలు వెనక ఉన్న మునిసిపాలిటీ ఓవర్‌హెడ్ ట్యాంకుని రోబో అనుకుని ఆడుకునేటప్పుడు కూడా గొడవ అంతా మొదట ఎవరు మాట్లాడాలనే. వాచీ మా బావ తెచ్చాడు, వాళ్ల నాన్నది, కీ ఇచ్చే హెచ్ఎంటీ. “వాచీ నాది, నేనే ముందు” అని వాడు. “ట్యాంకు మా స్కూలుది, నేనే ముందు” అని నేను. కాలర్లు పట్టుకునే దాకా వచ్చింది. ఈలోగా మా చెల్లెలు, ఇంకా ఒకటో తరగతి కూడా చేరలేదు, కింద పడున్న వాచీ తీసి నోటి దగ్గర పెట్టుకుని “రోబో, నీళ్లు పొయ్యి” అంది.

పోసింది. మోటారు కట్టెయ్యడం మర్చిపోయి ఆ ఆపరేటర్ ఎక్కడ టీ తాగుతున్నాడో గానీ, సరిగ్గా ఆ క్షణాన ట్యాంకు నిండి పైనుంచి దబదబా పొర్లింది. నీళ్లు స్తంభాల మీదుగా జారి, కింద మట్టిలో పడి మా నిక్కర్ల దాకా చిమ్మాయి. ఎవరికీ నోట మాట లేదు. బావ వాచీ వంకా, చెల్లెలి వంకా చూసి, “అయిపోయిందిరా, ఇంక ఇది దీని మాటే వింటుంది” అన్నాడు ఏడుపు గొంతుతో. ఆ సెలవులన్నీ మేం దాన్ని భుజాల మీద ఎక్కించుకు తిరిగాం. యుద్ధం మొదలెట్టాలంటే దానికి నిమ్మతొనలు కొనిపెట్టాలి. తిన్నాక కూడా “ఇప్పుడు రోబోకి నిద్రొస్తోంది” అనేది. ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. ట్యాంకు మాటెత్తితే ఈనాటికీ నవ్వదు.

సరే, ఇప్పటి సంగతికొస్తాను. నాకు గాడ్జెట్ల పిచ్చి, దాచేదేం లేదు. మాట్లాడే చేతి గడియారం ఉంది. తలకి తగిలించుకునే వీఆర్ డబ్బా ఉంది (మా ఆవిడ దాన్ని గంగిరెద్దు ముసుగు అంటుంది). ప్రొజెక్టర్ ఉంది. జానీ దగ్గర ఉన్నది వాచీ ఒక్కటే, పైగా దాంట్లో నాడి లెక్కా లేదు, అడుగుల లెక్కా లేదు. ఛార్జింగు గోల మాత్రం నిజమే. ఇంట్లో మనుషులకంటే వైర్లు ఎక్కువ. ప్రతిదానికీ ఒక యాప్, ప్రతి యాప్‌కీ ఒక ఓటీపీ, ఆ ఓటీపీ ఎప్పుడూ ఇంకో గదిలో ఉన్న ఫోన్‌కే వస్తుంది.

నా అసలు ఫిర్యాదు హాల్లో ఉన్న, మాటతో పనిచేసే స్పీకరు మీద. అది ఎవరి మాటైనా వింటుంది. టీవీ ప్రకటనలో దాని పేరు వస్తే లేచి కూర్చుంటుంది. కింది వాటా బుడ్డోడు ఒకరోజు మా కిటికీ దగ్గరికొచ్చి అరిచి, తెల్లారుజామున మూడింటికి అలారం పెట్టించి పోయాడు. గొంతు గుర్తుపట్టే సెట్టింగు ఉందిగా అంటారు. ఉంది, పెట్టాను. ఇప్పుడది నన్ను పేరు పెట్టి పలకరిస్తుంది, ఆ తర్వాత బుడ్డోడు చెప్పిందే చేస్తుంది. 1967లో అట్టముక్కలు, రబ్బరు తొడుగులతో సీరియల్ తీసినవాళ్లకి తట్టిన ఇంగితం ఇన్ని కోట్లు పోసి చేసేవాళ్లకి తట్టలేదంటే నేను నమ్మను. తట్టింది. ఒకే గొంతు వింటే, చేసిన కంపెనీ వాళ్ల గొంతు వినదు కదా, అందుకని వదిలేశారు.

జపాన్‌లోనూ అంతే, కొన్నది మనమైనా ఆఖరి మాట కంపెనీదే. సోనీ 1999లో ఐబో అనే కుక్క రోబోని తెచ్చింది. వెల రెండున్నర లక్షల యెన్‌లు, అయినా జపాన్‌కని ఉంచిన 3,000 కుక్కలూ 20 నిమిషాల్లో అమ్ముడుపోయాయి. 2006లో తయారీ ఆపేశారు, 2014లో రిపేర్లూ ఆపేశారు. కొన్నవాళ్లు చెడిపోయిన వాటిని చిబా ప్రాంతంలో ఒక బౌద్ధాలయానికి పంపి కర్మ చేయించారు. వరసగా పేర్చిన కుక్కలు, ఒక్కోదానికీ చీటీ, ఎదురుగా పురోహితుడి మంత్రాలు. ఆ ఫొటోలు చూసి నవ్వినవాళ్లు ఉన్నారు, నాకు నవ్వు రాలేదు. 2018లో కొత్త ఐబో వచ్చింది. ఎంతో ముద్దుగా ఉంది, కానీ కుక్కని కొన్నాక నెట్ ప్లాన్‌కి మళ్లీ డబ్బు కట్టాలి. జానీ రోబోకి ఎవడైనా చందా కట్టాడా?

మీలో సీరియల్ పూర్తిగా చూసినవాళ్లు ఇక్కడ నన్ను పట్టుకుంటారని తెలుసు. ఆఖరి భాగంలో రోబో జానీ మాట కూడా వినదు కదా అని. నిజమే. ముఠా నాయకుడు గిలటిన్ చక్రవర్తి ఒళ్లంతా అణుశక్తి, కాలిస్తే భూమే పేలిపోతుంది. రోబో వాణ్ణి పట్టుకుని తనంతట తనే పైకి ఎగిరిపోతుంది. వెనక్కి రమ్మని జానీ వాచీలో ఎంత మొత్తుకున్నా రాదు. వాడితో సహా వెళ్లి ఉల్కకి గుద్దుకుంటుంది. ఒక్కసారి మాట వినలేదు, అదీ ఆ పిల్లాడి కోసం. మా స్పీకరు నా మాట వినని ప్రతిసారీ ఏదో ఒకటి కొనమంటుంది.

మీరు అడగలేదు గానీ చెప్తాను, ప్రొజెక్టర్ కొనండి. డబ్బా మీద వెలుగు వేలకి వేలు ల్యూమెన్లని రాస్తారు, అది పట్టించుకోకుండా ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు, ఎన్నో చూడండి. తెర కొనక్కర్లేదు, గోడకి మెరుపు లేని తెల్ల రంగు వేయిస్తే చాలు. మా వాడు ఆ సీరియల్‌ని గోడంత బొమ్మలో చూసి బొమ్మ విమానాలకి కట్టిన తీగలు కనిపెట్టేశాడు. ఇప్పుడు ప్రతి యుద్ధం మధ్యలో ఆపి తీగలు లెక్కపెడుతున్నాడు. ఆపమని వాడు చెప్పేది కూడా ఆ స్పీకరుకే, అది వెంటనే ఆపుతుంది.