కత్తికి కత్తి అడ్డం పెట్టకు

చిన్నీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. చైనాలో మీ షియెన్‌లో అప్పుడే చలి మొదలైందన్నావు, హాస్టల్ తిండి గురించి చెప్పావు, చివర్లో అసలు విషయానికి వచ్చావు. జంటగా కత్తి సాధన మొదలుపెట్టి ఆరు వారాలైంది, ప్రతిసారీ మణికట్టు మీదే దెబ్బ తగులుతోంది, ఎంత గట్టిగా అడ్డుకున్నా ఎదుటివాళ్ళ మొన ఎలాగో లోపలికి వచ్చేస్తోంది అన్నావు. ఆ "ఎంత గట్టిగా" అన్న మాట దగ్గరే నాకు సంగతి అర్థమైంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే రాస్తున్నాను.

నేను వూహాన్‌లో ఉన్న 11 ఏళ్ళలో తొమ్మిదేళ్ళు తూర్పు సరస్సు ఒడ్డున పొద్దున్నే జియెన్ అనే చైనా కత్తి విద్య నేర్చుకున్నాను. మొదటి ఏడాదిన్నర నాదీ నీ పరిస్థితే. మా గురువుగారు అప్పటికే డెబ్భై దాటిన మనిషి. నేను బలంగా అడ్డుకున్న ప్రతిసారీ ఆయన తన కత్తి తీసేసి, నా కత్తి ఊపు మీద పక్కకి పోతుంటే తాపీగా నా చేతిని తాకేవారు. కొట్టేవారు కాదు, తాకేవారంతే. ఒకరోజు ఆయన చెప్పిన మాట నీకూ చెబుతున్నాను. ఎదుటి కత్తిని ఆపడం నీ పని కాదు. అది వచ్చి చేరే చోట నువ్వు ఉండకూడదు, ఆ సమయానికి నీ మొన వాళ్ళ చేతి మీద ఉండాలి. నేను ఈ ఉత్తరంలో రాసేదంతా ఈ ఒక్క మాటకి వివరమే.

ముందు నీ చేతిలో ఉన్నదేంటో చూడు. జియెన్ తిన్నగా, రెండు వైపులా వాదర ఉండే కత్తి. దావ్ అనే ఇంకో రకం చైనా కత్తి అలా కాదు, దానికి ఒకవైపే పదును, రెండోవైపు మందమైన వీపు. దావ్ పట్టినవాడు ఆ వీపుని అడ్డం పెట్టి వేటు కాచుకోగలడు. జియెన్‌కి వీపే లేదు. పాతకాలపు జియెన్‌లు చాలావరకు కిలో లోపే తూగేవి. గట్టి ఉక్కు పలకని మధ్యలో పెట్టి, రెండు పక్కలా మెత్తటి లోహం అతికి, గట్టి ఉక్కే అంచుగా బయటికి వచ్చేలా సాగగొట్టి చేసే పద్ధతి ఒకటి బాగా వాడుకలో ఉండేది. అంత గట్టి, పల్చటి అంచుని ఇంకో కత్తి అంచుకేసి కొడితే పెచ్చు ఊడుతుంది. నువ్వు వాడేది చెక్క కత్తి కాబట్టి ఆ నష్టం నీకు తెలియడం లేదు.

ఒక పని చెయ్యి. నీ చెక్క కత్తి మీద నొక్కులు ఎక్కడ పడ్డాయో వెలుతుర్లో పెట్టి చూడు. మొన వైపు సగంలో, అంచు మీద పడి ఉంటే నువ్వు కాచుకోవడం లేదు, కత్తిని కత్తితో కొడుతున్నావు. పిడికి దగ్గరున్న మూడో వంతులో, వెడల్పు వైపు సన్నటి గీతలుంటే దారిలో ఉన్నట్టు. పాతవాళ్ళు కత్తి పొడవుని మూడు భాగాలుగా చూసేవాళ్ళు. మొన దగ్గరి భాగం పొడవడానికి, కోయడానికి, అక్కడే పదును ఎక్కువ. పిడి దగ్గరి భాగం కాచుకోవడానికి, అక్కడ పదును పెద్దగా పెట్టేవాళ్ళు కారు. దీనికి కారణం నీకు ఇంటర్ ఫిజిక్స్‌లో చెప్పిన మీట సూత్రమే. నీ పిడి దగ్గరి భాగం వాళ్ళ మొన దగ్గరి భాగానికి తగిలితే చిటికెన వేలి బలం చాలు, వాళ్ళ కత్తి పక్కకి పోతుంది. అది తిరగబడిందా, నీ భుజం బలమంతా పెట్టినా చాలదు.

ఇలా పిడి దగ్గరి భాగంతో కాచుకోవడాన్నే అక్కడ "గ" అంటారు. లీ జింగ్‌లిన్ నేర్పిన వూదాంగ్ కత్తి విద్యలో 13 పద్ధతులు ఉన్నాయి, అందులో ఇదొకటి. ఆయన సైన్యంలో జనరల్‌గా చేసినవాడు, 1928లో నాన్‌జింగ్‌లో మొదలైన జాతీయ యుద్ధవిద్యల సంస్థకి ఉపాధ్యక్షుడిగా ఉన్నాడు, 1931లో చనిపోయాడు. ఆ 13 పేర్లూ నువ్వు ఇప్పుడే బట్టీ పట్టక్కర్లేదు. వాటిలో "ఇది కాపు, ఇది దాడి" అని గీత గీసి విడదీయలేం అన్నది గమనిస్తే చాలు. లాగడం, ఎత్తడం, తిప్పడం, నొక్కడం, మధ్యలో కోసేయడం, అన్నీ ఒకే కదలికలో కాపూ, దెబ్బా రెండూ. నీ ఇబ్బందంతా నువ్వు వాటిని రెండు పనులుగా చేయడం వల్ల వస్తోంది. ముందు అడ్డుకుంటున్నావు, తర్వాత కొడదామనుకుంటున్నావు. ఆ రెండింటి మధ్య ఖాళీలో వాళ్ళు నీ చేతిని తాకి వెళ్ళిపోతున్నారు.

చేత్తో మొదలుపెడదాం. పిడిని సుత్తి పట్టినట్టు పట్టుకోకు. బొటనవేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు మోస్తాయి, చూపుడువేలు, చిటికెన వేలు సందర్భాన్ని బట్టి బిగుస్తాయి, వదులవుతాయి. కత్తి తగిలిన ఆ క్షణంలోనే బిగించాలి, వెంటనే వదలాలి. ఎప్పుడూ బిగించి ఉంచితే మణికట్టు చచ్చిపోతుంది, మొన ఎటూ తిరగదు. సాధన అయ్యాక నీ ముంజేయి నొప్పి పెడుతోందంటే బిగించేస్తున్నావన్నమాట.

ఇక పోటు. నీ గుండెల మీదికి తిన్నగా వచ్చే పోటుకి నీ కత్తి జానెడు కదిలితే చాలు, మూరెడు కదిలించకు. పిడి దగ్గరి భాగంతో, వెడల్పు వైపు తగిలేలా, ఏటవాలుగా పక్కకి తొయ్యి. తోసేటప్పుడు నీ మొన వాళ్ళ మీదినుంచి తప్పకూడదు. మొన గోడ వైపు తిరిగిందంటే పోటు తప్పించినా నువ్వు వట్టి చేతులతో నిలబడ్డట్టే. దాంతోపాటు అడుగు. ఇద్దరూ కుడిచేతివాళ్ళైతే నీ ఎడమ ముందుకి ఏటవాలుగా అడుగు వేస్తే వాళ్ళ చేతికి బయటివైపు వెళ్తావు. అక్కడినుంచి నీకు వాళ్ళ మణికట్టు బయటివైపు కనిపిస్తుంది, వాళ్ళ కత్తి నీ మీదికి తిరగాలంటే చుట్టూ రావాలి. తిన్నగా వెనక్కి పోవడం అందరికీ వచ్చే అలవాటు, నాకూ ఉండేది. ఒకసారి వెనక్కి పోవచ్చు. రెండోసారీ అదే చేస్తే వాళ్ళు పరిగెత్తుకొస్తారు, వెనక్కి నడిచేవాళ్ళు ముందుకి వచ్చేవాళ్ళకన్నా ఎప్పుడూ నెమ్మదే.

పైనుంచి వచ్చే వేటుకి తలమీద కత్తిని అడ్డంగా పట్టుకోకు. సినిమాల్లో చూసి అందరం అదే చేస్తాం. పిడి పైకెత్తి, మొన కిందికి వేలాడేలా ఉంచి పక్కకి అడుగు వెయ్యి. చూరు మీద వాన నీళ్ళు జారినట్టు వాళ్ళ కత్తి నీ కత్తి వెంబడి జారిపోతుంది. జారి కిందికి పోయే వేళకి నీ మొన తిరిగి వాళ్ళ చేతి మీదికి వచ్చేస్తుంది, దానికి వేరే ప్రయత్నం అక్కర్లేదు.

కాలి మీదికి వచ్చే వేటుకి కత్తి అసలు దించకు. ముందున్న కాలు వెనక్కి తీసుకో, లేదా మోకాలు పైకెత్తు, అదే సమయంలో పైనుంచి వాళ్ళ చేతి మీదికి మొన దించు. భుజం ఎత్తున చాచిన కత్తి ఎంత దూరం అందుతుందో, కిందికి వంచి చాచిన కత్తి అంత దూరం అందదు. కాలిని కొట్టబోయేవాళ్ళు తల, చెయ్యి నీకు అప్పగించి వస్తారు. నువ్వు నేర్చుకున్న తైజీ (తాయ్ చీ) కత్తి 32 భంగిమల వరస గుర్తుంది కదా, 1957లో తైజీలోని యాంగ్ పద్ధతి నుంచి తీసి కుదించినది. అందులో ఒంటికాలి మీద నిలబడే చోట్లు ఉన్నాయి. బ్యాలెన్స్ చూపించడానికని నువ్వు అనుకుని ఉంటావు. ఆ ఎత్తిన కాలు కత్తి కిందనుంచి తప్పించిన కాలు అని మా గురువుగారు చూపించాక, నేను ఆ వరసంతా మళ్ళీ కొత్తగా చేసుకున్నాను. నువ్వూ అలా చెయ్యి, ప్రతి కదలిక దగ్గరా ఆగి, ఇక్కడ ఎదుటి కత్తి ఎటునుంచి వస్తోంది అని అడుగు.

ఇప్పుడు నీ మణికట్టు సంగతి. నువ్వు అనాటమీ చదువుతున్నావు, నాకన్నా నీకే బాగా తెలుసు. వేళ్ళని ముడిచే స్నాయువులన్నీ ఆ ఇరుకు చోటులోంచే పోతాయి, నాడి చూసే రక్తనాళం చర్మం కిందే ఉంటుంది. అక్కడ చిన్న కోత పడితే చెయ్యి కత్తిని పట్టుకోలేదు. పైగా మనిషి మొత్తం మీద ఎదుటివాళ్ళకి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అదే. అందుకే ఈ విద్యలో మణికట్టే మొదటి గురి. వాళ్ళు నీ చేతిని వెతుకుతున్నారంటే సరిగ్గా నేర్చుకున్నారని అర్థం, వాళ్ళ మీద కోపం తెచ్చుకోకు.

ఇదే నీకూ పనికొస్తుంది. నీ ఛాతీని పొడవాలంటే వాళ్ళు ముందు తమ చేతిని నీ మొన దగ్గరికి తీసుకురావాలి. వాళ్ళ దారి పొడవు, నీ దారి పొట్టి. అలా మధ్య దారిలో చేతిని కోయడాన్ని "జియె" అంటారు. ఇది వస్తే సగం పోట్లకి నీ కత్తి వాళ్ళ కత్తిని తాకనే తాకదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిందీ ఇదే.

ఆలస్యం ఎందుకంటే ఇందులో చేతి వేగం కన్నా సమయం ముఖ్యం. చైనాని మింగ్ వంశం ఏలిన కాలంలో యూ దాయో అనే సేనాపతి ఉండేవాడు, 1579లో పోయాడు. ఆయన రాసిన పుస్తకం పేరులో కత్తి అని ఉంది గానీ లోపలున్నది కర్రతో పోరు. మీ తాతయ్య కుర్రతనంలో కర్రసాము చేసేవారు, ఆయన బతికుండగా ఇది నాకు తెలిసుంటే కూర్చోబెట్టి చదివి వినిపించేదాన్ని. అందులో మాట ఇది: ఎదుటివాడి పాత బలం అయిపోవాలి, కొత్త బలం ఇంకా పుట్టకూడదు, ఆ సందులో వెళ్ళు. ఆ సందుని పట్టుకోవడానికి ఆయన వాడిన మాట "పాయ్", అంటే తాళం. నువ్వు ఏడేళ్ళు సంగీతం నేర్చుకున్నావు, చేత్తో తాళం వేస్తూ పాడావు. దెబ్బ పడే చోటు, రెండు దెబ్బల మధ్య ఉండే చోటు, ఈ తేడా నీకు ఒకళ్ళు చెప్పాలా? రేపు సాధనలో ఎదుటి మనిషి అడుగుల తాళం లెక్కపెట్టు. పోటు పూర్తిగా చాచి, ఇంకా వెనక్కి తీయని ఆ అరక్షణమే నీది.

కత్తులు తగిలాక వెంటనే విడిపోకు. అతుక్కుని ఉండు. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు నీ కత్తితో వాళ్ళ బలం ఎటు పోతోందో తెలుసుకో. అక్కడ దీన్ని "బలాన్ని వినడం" అంటారు. వాళ్ళు నెడితే దారి ఇచ్చి కిందుగా చుట్టి అవతలివైపు రా. వాళ్ళు మెత్తబడితే నొక్కి ముందుకి వెళ్ళు. రాత్రి కాసేపు ఎవరైనా స్నేహితురాలితో కళ్ళు మూసుకుని, కత్తులు ఆనించి, మెల్లగా ఇదొక్కటే చెయ్యి. నెల తిరిగేసరికి నీ చేతికి వినికిడి వస్తుంది.

ఉత్తుత్తి పోట్లకి ఉలిక్కిపడుతున్నానన్నావు. వాళ్ళ మొన వైపు చూడటం వల్ల అలా అవుతుంది. మొన అబద్ధం చెబుతుంది, పాదానికి అబద్ధం చేతకాదు. ఛాతీ మధ్యలో చూపు నిలిపి మనిషినంతా చూడు. నువ్వు నిలబడ్డ దూరంలో అడుగు వేయకుండా వాళ్ళ కత్తి నీకు అందదంటే, అడుగు కదలని పోటుకి నువ్వూ కదలకు.

ఎడమచేతి రెండు వేళ్ళు చాచి ఉంచడం మర్చిపోతున్నావేమో, నీ సాధన వీడియోలో ఆ చెయ్యి వేలాడుతోంది. అది వేలాడితే భుజం వంగుతుంది, అడుగు బరువెక్కుతుంది. దాంతో ఎదుటి కత్తిని పట్టుకోబోకు, చెక్కదైనా సరే. అలవాటైపోతుంది.

చివరిది, దీన్ని మాత్రం వాదించకుండా విను. మాస్క్, గొంతు రక్షణ, మందపాటి గ్లవ్స్ లేకుండా జంట సాధన చేయకు. పోటీల్లో వాడే పల్చటి, వంగే ఉక్కు కత్తులతో అసలే వద్దు. అవి ఒంటరిగా భంగిమలు చేయడానికి చేసినవి, తగిలితే విరుగుతాయి, విరిగిన మొన ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. మూడో ఏడు చలికాలంలో నేను గ్లవ్స్ లేకుండా "ఐదు నిమిషాలేగా" అని చెక్క కత్తితో దిగాను. తప్పు నాదే. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది, మూడు వారాలు చాప్‌స్టిక్స్ పట్టుకోలేకపోయాను. నాది ఆఫీసు ఉద్యోగం, నడిచిపోయింది. నీ చేతులు రేపు కుట్లు వేయాల్సిన చేతులు.

గ్లవ్స్ కొలత కావాలి. అరచేతి చుట్టుకొలత, మధ్యవేలి పొడవు టేపుతో కొలిచి ఈ రాత్రికే పంపు. ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ఆ చెక్క కత్తి దగ్గర పెట్టుకో, నొక్కులు ఎక్కడున్నాయో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ అత్త