ఒకేలా వినిపించే మాటల రాతను పిల్లలకు ఎలా నేర్పాలి?

చెన్నైలో మూడో తరగతి చదివే మీ పాప 'అర్థం', 'అర్ధం' కలిపేస్తోందని అడిగారు. అది అశ్రద్ధ కాదండీ. బడిలో రోజూ చదివే తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఇంట్లోనూ మనం ఒత్తులు గట్టిగా పలకం. ఇక ఆ తేడా పాప చెవిన పడేదెక్కడ? తప్పు రాసిన మాటను పదేసి సార్లు రాయించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

రెండు మాటలనూ ఒకేసారి ముందు పెట్టకండి. మొదట 'అర్ధం' ఒక్కటే: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధ సంవత్సర పరీక్ష. అది కుదిరాక 'అర్థం': అర్థవంతం, అపార్థం. రాతలో తేడా అంతా థ పొట్టలోని చుక్కే, దాన్ని ఎర్ర పెన్సిలుతో పెట్టించండి. డిక్టేషన్ మాత్రం వాక్యంలోనే చెప్పాలి: "అర్ధరాత్రి వచ్చిన ఫోను ఎవరిదో అర్థం కాలేదు." విడి మాటగా చెబితే ఏది రాయాలో పెద్దవాళ్లకూ తెలియదు.

శకలం-సకలం, దార-ధార పై తరగతుల్లో చూసుకోవచ్చు. కల-కళ, వేల-వేళ ఇప్పుడే మొదలుపెట్టండి. ల, ళలకు తమిళంలోనూ వేర్వేరు అక్షరాలున్నాయి కనుక అవి పాపకు త్వరగా పట్టుబడతాయి.