పాత టూరింగ్ సైకిల్‌కి ఎన్ని గేర్లు?

ప్రశ్న: పాత స్టీల్ టూరింగ్ సైకిల్‌ని బాగు చేసుకుంటున్నాను. 27 అంగుళాల చక్రాలు, ముందు 52-42 పళ్లు, వెనక 14-24 పళ్ల ఆరు గేర్ల ఫ్రీవీల్ (చక్రం నడిమి హబ్ మీద మరతో బిగించే పళ్లచక్రాల కట్ట). సామాను వేసుకుని ఎత్తు ఎక్కాలంటే ప్రాణం పోతోంది, పైగా వెనక యాక్సిల్ కుడివైపు వంగిపోయింది. తొమ్మిది గేర్లు, క్లిక్‌మని పడే లీవర్లు పెట్టించమని స్నేహితుడు అంటున్నాడు. పెట్టించనా?

జవాబు: గేర్లెన్ని అన్నది తర్వాత చూద్దామండీ, ముందు ఆ యాక్సిల్ సంగతి. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది, అక్కణ్ణుంచి ఫ్రేమ్ దాకా యాక్సిల్‌కి ఏ ఆసరా ఉండదు, బరువు పడితే వంగేది అక్కడే. కొత్త యాక్సిల్ వేసినా మళ్లీ వంగే అవకాశం ఉంది. క్యాసెట్ (హబ్ మీదికి జారించి బిగించే పళ్లచక్రాల కట్ట) వేసే హబ్‌లో ఆ బేరింగ్ ఫ్రేమ్‌కి దగ్గరగా ఉంటుంది. సామాను మోసే సైకిల్‌కి నేను అదే వేయించమంటాను.

అయితే చక్రం తీసి, అది కూర్చునే రెండు చీలికల మధ్య దూరం కొలవండి. ఆరు గేర్ల సైకిళ్లలో మామూలుగా 126 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎనిమిది, తొమ్మిది గేర్ల రోడ్డు హబ్‌కి 130 కావాలి. స్టీల్ కాబట్టి ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లు తెలిసిన మెకానిక్ జరిపేస్తాడు. అల్యూమినియం ఫ్రేమ్ అయితే ఆ ఆలోచనే వద్దు. జరిపాక చీలికలు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో, డిరైలర్ (చెయిన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే పరికరం) తగిలించే కొక్కెం వంకర పోలేదు కదా అని తప్పకుండా చూపించుకోండి, ఇది వదిలేస్తే తర్వాత స్క్రూలు ఎంత తిప్పినా గేర్లు కుదురుగా పడవు.

ఇక ఎత్తు ఎక్కడం. ఇప్పుడు మీ అతి తేలిక గేరు 42-24, పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ దాదాపు 3.8 మీటర్లు పోతోంది. సామానుతో అది చాలా బరువు. ముందు 46-36-26, వెనక 11-32 పెడితే అదే చుట్టుకి 1.75 మీటర్లే, కాళ్లకి ఎంత తేడానో మీరే చూస్తారు. 52 పోతోందని బాధ అక్కర్లేదు, 46-11 మీ పాత 52-14 కన్నా పెద్ద గేరే. కాకపోతే పాత డిరైలర్ దీన్ని మోయలేదు. ముందు పళ్ల తేడా 20, వెనక తేడా 21, మొత్తం 41 పళ్ల వదులు చెయిన్‌ని లాగి పెట్టగలిగే పొడుగు కేజ్ (డిరైలర్ కింద చెయిన్‌ని పట్టి ఉంచే చేయి) ఉన్నది కొనండి, 32 పళ్ల చక్రాన్ని అందుకుంటుందో లేదో కూడా అడగండి.

ముందు మూడు పళ్లచక్రాల క్రాంక్‌కి (పెడళ్లు తగిలించే భాగం) బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే బేరింగ్ భాగం) యాక్సిల్ పొడవు మారవచ్చు, ముందున్న మధ్య పళ్లచక్రం క్యాసెట్ మధ్యకి ఎదురుగా రావాలి. దాని పాత బేరింగ్ కప్పులు విప్పేటప్పుడు బలం చూపించకండి. ఇంగ్లిష్ మర అయితే కుడివైపు కప్పు ఎదురు మర (గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది), పాత ఫ్రెంచ్, ఇటాలియన్ మరలైతే రెండువైపులా మామూలు మరే.

లీవర్లు మాత్రం మార్చకండి. క్లిక్ లీవర్లకి డిరైలర్, క్యాసెట్ అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. మీ పాత, క్లిక్ లేని ఫ్రిక్షన్ లీవర్లకి ఆ గొడవే లేదు. చేత్తో సర్దుకునే గేర్లకి ఎనిమిదే సుఖం, పళ్లచక్రాల మధ్య జాగా కాస్త ఎక్కువ ఉంటుంది. తొమ్మిదితో మీకు కలిసొచ్చేదేమీ లేదు.

చెయిన్ కొత్తదే వేయండి. డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందూ వెనకా అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రాల మీద చుట్టి, కలిసేచోట ఇంకో అంగుళం వదిలి కోయండి.